చెప్పకుండా వదిలేసిన మాట



మన ఇళ్లలో పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఇష్టంగా చదువుతున్న ఒక రకం నవలల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. ఇవి ఫేరీల నవలలు. ఇంగ్లిష్‌లో వస్తాయి. పిల్లలు వీటిని స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకుంటారు. రాత్రి పొద్దుపోయేదాకా చదువుతారు. పెద్దవాళ్లం మనం అట్ట మీద బొమ్మ చూస్తాం. కత్తి, కిరీటం, ముళ్లతీగ కనిపిస్తాయి. ఏదో మాయల కథలే అనుకుని పక్కన పెట్టేస్తాం.

ఒకసారి ఆ అట్ట తిప్పి లోపల చూద్దాం. లోపల మూడు విషయాలు కనిపిస్తాయి. ప్రాణం నిలుపుకోవడానికి పడే పాట్లు. దిక్కుతోచని స్థితి. నమ్మినవాళ్లు చేసిన ద్రోహం. ఈ మూడూ విడివిడిగా ఉండవు. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వస్తాయి. ప్రాణం మీదికి వస్తుంది. దిక్కు తోచదు. అప్పుడు ఎవరో వచ్చి ఒక మాట ఇస్తారు. ఆ మాట నమ్ముతాం. ఆ మాటలోనే ద్రోహం దాక్కుని ఉంటుంది.

ఈ నవలల నుంచి నేను మీకు ఇవ్వాలనుకున్నది ఒకే ఒక్క ప్రశ్న. ఎవరైనా మనకు మాట ఇచ్చినప్పుడు, అందులో చెప్పకుండా వదిలేసింది ఏమిటి? ఈ ప్రశ్నను కాస్త గుర్తు పెట్టుకోండి. మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ముందుగా ఫేరీలంటే ఎవరో చెప్పుకోవాలి. చిన్న రెక్కలు, చేతిలో మంత్రదండం, పిల్లల పుట్టినరోజు కేకు మీద కనిపించే బొమ్మ, ఇదంతా తర్వాతి కాలం ఊహ. ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో పాతకాలం జనానికి ఫేరీలంటే భయం. మనుషులంత ఎత్తుంటారు. మనుషులకన్నా అందంగా ఉంటారు. గుట్టల కింద, నేల లోపల కాపురం ఉంటారు. పసిపిల్లల్ని ఎత్తుకుపోతారు. వాళ్ల పేరు ఎత్తడానికి కూడా జనం జంకేవాళ్లు. మంచివాళ్లు అని పిలిచి ఊరుకునేవాళ్లు. 17వ శతాబ్దం చివర్లో, స్కాట్లండ్‌లోని ఆబర్‌ఫాయిల్ అనే ఊళ్లో రాబర్ట్ కర్క్ అనే మతగురువు ఉండేవారు. ఆయన ఈ నమ్మకాలన్నీ శ్రద్ధగా కూర్చి ఒక పుస్తకంగా రాశారు. ఆయన 1692లో చనిపోయారు. ఆయన చనిపోలేదు, ఫేరీలే తీసుకుపోయారని ఆ ఊళ్లో చెప్పుకున్నారు.

ఆ పాత కథల్లో టామ్ లిన్ అనే గాథ ఒకటుంది. టామ్ లిన్ ఫేరీ రాణి చేతికి చిక్కిన మనిషి. ఆ రాణి కొలువు ఏడేళ్లకోసారి నరకానికి కప్పం కట్టాలి. కప్పం అంటే డబ్బు కాదు, ఒక ప్రాణం. ఈసారి పంపేది తననేమోనని టామ్ లిన్ భయం. అతన్ని ప్రేమించిన జానెట్ అనే అమ్మాయి ఒక రాత్రి కూడలి దగ్గర కాపు కాస్తుంది. గుర్రం మీద వెళుతున్న అతన్ని కిందికి లాగి గట్టిగా పట్టుకుంటుంది. అతను ఆమె చేతుల్లోనే పాముగా మారతాడు. మృగంగా మారతాడు. కాలిన ఇనుములా మారతాడు. ఆమె పట్టు వదలదు. చివరికి మనిషై మిగులుతాడు. ఈ గాథలో అప్పటికే మన మూడు విషయాలూ ఉన్నాయి. ఫేరీలు తమ ఉనికి కాపాడుకోవడానికి, తమ కొలువులో ఉన్న మనిషినే బలి ఇస్తారు.

పాత కథల్లో ఫేరీలకు ఆడిన మాట అంటే మహా పట్టింపు. ఈ కాలపు రచయితలు చాలామంది ఆ పట్టింపును గట్టి నియమంగా మార్చుకున్నారు. ఆ నియమం ఏమిటంటే, ఫేరీలు అబద్ధం ఆడలేరు. ఇష్టం లేక కాదు. వాళ్ల నోట అబద్ధం రానే రాదు. మొదటిసారి వింటే ఇంకేం, వాళ్లంత నమ్మదగ్గవాళ్లు ఉండరు అనిపిస్తుంది. కానీ ఈ కథల్లో వాళ్లంత ప్రమాదకరమైనవాళ్లు ఇంకొకరు లేరు. ఎందుకంటే వాళ్లు ప్రతి మాటా నిజమే చెబుతారు. అవసరమైన ఒక్క ముక్క మాత్రం చెప్పకుండా వదిలేస్తారు.

ఇప్పుడు ఒక నవల దగ్గరికి వెళదాం. ముందే ఒక మాట. ఈ ప్రసంగంలో కొన్ని కథల మలుపులు చెప్పక తప్పదు. చదవబోయే పిల్లలు పక్కనుంటే, చెప్పాలా వద్దా అని మీరే నిర్ణయించుకోండి.

నవల పేరు ది కాల్. అంటే పిలుపు. 2016లో వచ్చింది. రాసింది ఐర్లండ్ రచయిత పాడర్ ఓ గ్విలిన్. ఆ కథలో ఐర్లండ్‌కు మిగతా ప్రపంచంతో సంబంధం తెగిపోయింది. విమానం రాదు, ఓడ రాదు. ఆ దేశంలో కౌమారంలోకి వచ్చిన ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ ఎప్పుడో ఒకప్పుడు పిలుపు వస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియదు. అన్నం తింటుంటే రావచ్చు. నిద్రలో రావచ్చు. పిలుపు వచ్చిన క్షణంలో మనిషి మాయమవుతాడు. ఒంటి మీది బట్టలు అక్కడే కుప్పగా పడిపోతాయి. పక్కనున్నవాళ్లు వెంటనే లెక్క మొదలుపెడతారు. సరిగ్గా 3 నిమిషాల 4 సెకన్లు. ఆ తర్వాత ఆ మనిషి తిరిగి ప్రత్యక్షమవుతాడు. చాలాసార్లు వచ్చేది శవమే.

మన లోకంలో ఆ 3 నిమిషాల 4 సెకన్లు, అవతలి లోకంలో ఒక పూర్తి రోజు. ఆ లోకానికి రంగు లేదు. అంతా బూడిద రంగు. అక్కడ ఫేరీలు పిల్లల్ని వేటాడతారు. నవ్వుతూ వేటాడతారు. దొరికినవాళ్ల ఒంటిని మట్టిముద్దలా పిసికి జంతువుల్లా మార్చేస్తారు. పదిమందిలో ఒక్కరు ప్రాణాలతో తిరిగొస్తే గొప్ప. అందుకే ఆ దేశంలో బళ్ల స్థానంలో శిక్షణ కళాశాలలు వచ్చాయి. పిల్లలు అక్కడ పరుగెత్తడం, దాక్కోవడం, కత్తి పట్టడం నేర్చుకుంటారు. శత్రువు భాష నేర్చుకుంటారు.

ఈ కథానాయిక పేరు నెస్సా. చిన్నప్పుడు పోలియో వచ్చి కాళ్లు వంకరపోయాయి. పరుగెత్తలేదు. పరుగే ప్రాణమైన చోట పరుగెత్తలేని పిల్ల. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆమె ఎలాగూ చనిపోతుందని తేల్చేశారు. ఆమెకు నేర్పడం దండగ అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఆమె మాత్రం ఒప్పుకోలేదు. చేతులకు బలం పెంచుకుంది. కర్రల ఊతంతో ఎలా కదలాలో సాధన చేసింది. తన ఒంటికి తగ్గ పద్ధతి తానే తయారు చేసుకుంది. ఈ పుస్తకం చదివే పిల్లలు నెస్సాను మరిచిపోలేరు. ఆమె ధైర్యం మాటల్లో ఉండదు. పొద్దున్నే లేచి మళ్లీ సాధనకు వెళ్లడంలో ఉంటుంది.

మరి ఫేరీలకు మనుషుల మీద అంత పగ ఎందుకు? దీనికి ఆధారం ఐర్లండ్ పురాణంలో ఉంది. మనుషులు ఆ ద్వీపానికి రాకముందు టూహా డే డానన్ అనే దేవజాతి అక్కడ ఉండేది. మనుషులు వచ్చి వాళ్లను ఓడించారు. దేశాన్ని చెరిసగం పంచుకుందాం అన్నారు. పంచిపెట్టే పని అమర్గిన్ అనే కవి చేతిలో పడింది. ఆయన పంపకం ఎలా చేశాడంటే, నేల పైభాగం మనుషులకు. నేల కిందిభాగం వాళ్లకు. చెరిసగం అన్నది అక్షరాలా నిజం. ఒక్క అబద్ధం లేదు. ఏ సగం ఎవరిదో మాత్రం ముందు చెప్పలేదు.

చూశారా? చెప్పకుండా వదిలేసింది ఏమిటి అనే ప్రశ్న ఇక్కడే మొదలైంది. అదీ మనుషులు చేసిన మోసంతో మొదలైంది. ఓ గ్విలిన్ తన నవలను ఆ పాత గాయం మీదే కట్టారు. వెలుతురు లేని చోటికి నెట్టబడిన ఆ దేవజాతే ఈ నవలలో ఫేరీలు, వాళ్లు ఇప్పుడు పిల్లల మీద పగ తీర్చుకుంటున్నారు. వాళ్ల క్రూరత్వాన్ని రచయిత ఎక్కడా సమర్థించరు. అది ఎక్కడ పుట్టిందో మాత్రం దాచరు. ఈ రకం నవలల్లో నాకు ఎంతో విలువైనదిగా కనిపించేది ఈ నిజాయితీయే. ద్రోహం ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరో ఒకరి దిక్కులేనితనంలో మొలకెత్తుతుంది.

దీనికి కొనసాగింపు 2018లో వచ్చింది. పేరు ది ఇన్వేజన్. అందులో జరిగేది ఇంకా బాధ కలిగిస్తుంది. నెస్సా బతికి తిరిగొచ్చింది. సంబరపడాల్సిన సొంత దేశమే ఆమెను అనుమానించింది. పరుగెత్తలేని పిల్ల ఎలా బతికింది? శత్రువుతో ఏదో ఒప్పందం చేసుకునే ఉంటుంది. ఇదీ వాళ్ల వాదన. ద్రోహి అని జైల్లో పెట్టారు. భయంలో ఉన్న సమాజం బతికొచ్చిన బిడ్డను కూడా నమ్మలేకపోతుంది. పిల్లలు ఇది చదివి కోపంతో ఊగిపోతారు. ఊగిపోవాలి కూడా. అన్యాయాన్ని చూసి కోపం రావడం ఆ వయసులోనే నేర్చుకోవాలి.

ఇక రెండో రచయిత్రి దగ్గరికి వద్దాం. పేరు హాలీ బ్లాక్. అమెరికా రచయిత్రి. టైద్ అనే తన మొదటి నవల నుంచి, అంటే 2002 నుంచి, ఫేరీల గురించి రాస్తున్నారు. బాగా పేరు తెచ్చిన నవల ది క్రూయల్ ప్రిన్స్. 2018లో వచ్చింది. దానికి రెండు కొనసాగింపులు, ది వికెడ్ కింగ్, ది క్వీన్ ఆఫ్ నథింగ్. రెండూ 2019లోనే వచ్చాయి.

ఈ కథలో జూడ్ అనే అమ్మాయి. మామూలు మనిషి. ఆమెకు ఏడేళ్లప్పుడు మాడక్ అనే ఫేరీ సేనాపతి ఇంటి గుమ్మంలోకి వచ్చాడు. ఆమె కళ్లముందే తల్లినీ తండ్రినీ చంపాడు. జూడ్‌ను, ఆమె కవల సోదరి టారిన్‌ను, వాళ్ల అక్క వివీని తనతో ఫేరీల రాజ్యానికి తీసుకుపోయాడు. అక్క వివీ నిజానికి అతని కూతురే. మిగతా ఇద్దరినీ కూడా తన బాధ్యత అనుకున్నాడు. తిండి పెట్టాడు. చదువు చెప్పించాడు. కత్తియుద్ధం నేర్పాడు. అమ్మానాన్నల్ని చంపినవాడే పెంచిన తండ్రి అయ్యాడు. జూడ్ అతన్ని ద్వేషించాలో ప్రేమించాలో తెలియక నలిగిపోతుంది. రెండూ చేస్తుంది.

ఆ రాజ్యంలో మనుషులకు విలువ లేదు. అక్కడి పండు కొరికితే మనిషికి మత్తెక్కుతుంది. ఎవరేం చెబితే అది చేస్తాడు. ఫేరీలు కంటిచూపుతో, గొంతుతో మంత్రించి మనుషుల్ని ఆడించగలరు. అందుకే జూడ్ ఉప్పు దగ్గర పెట్టుకుంటుంది. తినే తిండి మీద చల్లుకుంటుంది. మంత్రం పట్టకుండా రోవన్ పండ్ల దండ మెడలో వేసుకుంటుంది. దారి తప్పించే మాయ తగలకుండా మేజోళ్లు తిరగేసి తొడుక్కుంటుంది. ఇవి పల్లెజనం పాత నమ్మకాలే. రచయిత్రి వాటిని ఒక పదిహేడేళ్ల పిల్ల దినచర్యలో పెట్టారు. బడికి వెళ్లే ముందు ఉప్పు ఉందో లేదో చూసుకునే పిల్ల. ఆ ఒక్క వివరంతో ఆమె ఎంత భయంలో బతుకుతోందో మనకు అర్థమైపోతుంది.

ఆ భయం భరించలేక జూడ్ ఒక ఒప్పందానికి సిద్ధపడుతుంది. డైన్ అనే రాకుమారుడు వచ్చి నా గూఢచారిగా పనిచెయ్యి అంటాడు. బదులుగా ఆమె ఒక రక్షణ కోరుకుంటుంది. ఏ ఫేరీ మంత్రమూ తన మీద పనిచేయకూడదు. అతను సరేనంటాడు. వరం ఇస్తాడు. అయితే వరం ఇచ్చేటప్పుడే చివర్లో ఒక మినహాయింపు చేరుస్తాడు. ఎవరి మంత్రమూ పనిచేయదు, ఈ వరం ఇచ్చినవాడిది తప్ప. అంటే తనది తప్ప. కొద్ది రోజులకే ఆ మినహాయింపు వాడుకున్నాడు. నీ చేతిలో నువ్వే కత్తి దింపుకో అని ఆజ్ఞాపించాడు. ఆమె దింపుకుంది. వద్దనుకున్నా చెయ్యి ఆగలేదు.

ఇక్కడ డైన్ అబద్ధం ఆడలేదు. ఇచ్చిన మాట తప్పలేదు. ఆమెకు ముందు నుంచీ కావలసింది స్వేచ్ఛ. అతను ఇచ్చింది యజమాని మార్పు. వందమంది చేతిలో బొమ్మగా ఉన్న పిల్ల ఒక్కడి చేతిలో బొమ్మ అయింది. ఆ సమయంలో ఆమెకు అదే పెద్ద ఊరటగా తోచింది. దిక్కుతోచనివాళ్లకు దొరికిన కాస్త ఊరటే కొండంత కనిపిస్తుంది.

ఇప్పుడు మన వీధిలోకి వద్దాం. ఒక తండ్రి ఉన్నాడు. కూతురి కాలేజీ ఫీజు కట్టడానికి రేపే ఆఖరు రోజు. చేతిలో డబ్బు లేదు. తెలిసినాయన ఒకరు ముందుకొచ్చారు. 20,000 రూపాయలు ఇస్తాను, నూటికి రెండు రూపాయల వడ్డీ, నిదానంగా తీర్చు అన్నారు. తండ్రికి కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవుడిలా వచ్చారు అనుకున్నాడు. తీరా డబ్బు చేతికి వచ్చేసరికి 18,000 ఉంది. అదేమిటంటే, అయిదు నెలల వడ్డీ ముందే పట్టుకున్నాను అన్నారు. నెలకు 400 చొప్పున 2,000. లెక్క సరిగ్గానే ఉంది. తర్వాత ఒక ప్రామిసరీ నోటు ముందు పెట్టారు. అంకె రాయాల్సిన చోట ఖాళీ. సంతకం పెట్టు, మిగతాది నేను రాసుకుంటాను అన్నారు. ఫీజు గుర్తొచ్చింది. తండ్రి సంతకం పెట్టేశాడు.

ఆ పెద్దమనిషి చెప్పిన మాటల్లో ఒక్క అబద్ధం చూపించండి. 20,000 అప్పు నిజం. రెండు రూపాయల వడ్డీ నిజం. నిదానంగా తీర్చమన్నది నిజం. ముందే పట్టుకుంటానన్నది చెప్పలేదు. నోటు ఖాళీగా ఉంటుందన్నది చెప్పలేదు. నిదానం అంటే ఎన్నాళ్లో చెప్పలేదు. తండ్రి అడగలేదు. తెలివి లేక కాదు. రేపటి గడువు తప్ప ఆయనకు ఇంకేమీ వినబడలేదు. అవసరం మనిషి చెవులు మూసేస్తుంది. జూడ్‌కు జరిగింది ఇదే. ఆ తండ్రికి జరిగింది ఇదే.

కాబట్టి మళ్లీ ఆ ప్రశ్నే. చెప్పకుండా వదిలేసింది ఏమిటి?

ఇంకో నవలలో ఈ ప్రశ్న అడగకపోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. సారా జె. మాస్ రాసిన ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్. 2015లో వచ్చింది. ఇందులో ఫేరా అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయి. ఇల్లు గడవక చలికాలంలో అడవికి పోయి వేటాడుతుంది. కథ నడిచి, చివరికి ఆమె అమరాంతా అనే క్రూర రాణి ముందు నిలబడుతుంది. తను ప్రేమించినవాడినీ, అతని వాళ్లందరినీ విడిపించాలి. రాణి బేరం పెడుతుంది. మూడు పరీక్షలు గెలువు, వాళ్లను వదిలేస్తాను. లేదా ఒక పొడుపుకథ విప్పు, ఆ క్షణమే వదిలేస్తాను. ఫేరా ఒప్పుకుంటుంది. ఒళ్లు హూనం చేసుకుని మూడు పరీక్షలూ గెలుస్తుంది. అప్పుడు రాణి నవ్వుతుంది. వదిలేస్తానన్నాను, ఎప్పుడు వదులుతానో చెప్పానా అంటుంది. పొడుపుకథకు ఆ క్షణమే అంది. పరీక్షలకు ఆ ముక్క అనలేదు. అంత తేడా ఉంది. ఫేరా వినలేదు. మాస్ నవలల్లో ఫేరీలు అబద్ధం కూడా ఆడగలరు. అయినా ఈ రాణికి అబద్ధంతో పని పడలేదు. ఎప్పుడు అనే ఒక్క మాట మింగేస్తే సరిపోయింది.

పెద్దవాళ్లకు ఇక్కడ ఒక సూచన. మాస్ పుస్తకాల్లో శృంగార ఘట్టాలు విడమరిచి ఉంటాయి. తర్వాతి భాగాల్లో ఇంకా ఎక్కువ. అవి చిన్న పిల్లలకు తగవు. ఫేరీ నవల అన్న ముద్ర చూసి అన్నీ ఒకటే అనుకోవద్దు. మీరు ముందు కొన్ని పేజీలు చదివి చూసి ఇవ్వండి.

ఇప్పుడు ద్రోహం సంగతి. మళ్లీ జూడ్ కథలోకి రండి. ఆమె గుండె విరిచింది ఏ రాకుమారుడో కాదు. కవల సోదరి టారిన్. లాక్ అనే ఫేరీ యువకుడు జూడ్‌తో ప్రేమగా మెలుగుతుంటాడు. అతను అప్పటికే టారిన్‌ను పెళ్లాడతానని మాట ఇచ్చి ఉన్నాడు. టారిన్‌కు అన్నీ తెలుసు. జూడ్ మోసపోతుంటే చూస్తూ ఊరుకుంది. ఆమె చెప్పిన అబద్ధాలకన్నా చెప్పకుండా ఊరుకున్నదే జూడ్‌ను ఎక్కువ కోసింది. ఒక్క మాట, అక్కడికి వెళ్లకే అని ఒక్క మాట అనలేకపోయావా? జూడ్ బాధంతా అదే.

మరి టారిన్ దుర్మార్గురాలా? ఆమె కూడా అదే రాజ్యంలో, అదే భయంలో పెరిగిన పిల్ల. జూడ్ కత్తి పట్టి బతకాలనుకుంది. టారిన్ ఒక ఫేరీని పెళ్లాడి, వాళ్లలో ఒకతిగా కలిసిపోయి బతకాలనుకుంది. దానికి లాక్ పెట్టిన షరతు, నోరు మెదపకుండా ఉండటం. ఆమె ఒప్పుకుంది. ఇక్కడ హాలీ బ్లాక్ గొప్పతనం ఉంది. ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒకే భయం, రెండు దారులు. టారిన్ చేసింది తప్పు. ఆ తప్పు వెనక ఉన్న భయం నిజం. ఈ రెండు వాక్యాల్నీ ఒకేసారి మనసులో పట్టుకోగలగడం పిల్లలకు ఈ నవల నేర్పే పాఠం.

జూడ్ కూడా ఊరుకోలేదు. కార్డన్ అనే చిన్న రాకుమారుడితో ఒక ఏడాది, ఒక రోజు పాటు తన ఆజ్ఞ పాటిస్తానని ప్రమాణం చేయించింది. కిరీటం తన తమ్ముడు ఓక్‌కు దక్కుతుందని కార్డన్‌ను నమ్మనిచ్చింది. చివరి క్షణంలో ఆ కిరీటం కార్డన్ తలమీదే పెట్టించింది. అతనికి రాజ్యం అక్కర్లేదు. ఆ సంగతి తెలిసీ చేసింది. తమ్ముడి ప్రాణం కాపాడటానికి చేసింది. మోసపోయిన పిల్ల మోసం చేయడం నేర్చుకుంది. ఏ ముక్క వదిలేయాలో ఆమెకూ తెలిసొచ్చింది.

రెండో పుస్తకం చివర్లో కార్డన్ వంతు వచ్చింది. అప్పటికి ఇద్దరూ రహస్యంగా పెళ్లి చేసుకున్నారు. వెంటనే అతను అందరి ముందూ ఆమెను రాజ్యం నుంచి వెళ్లగొట్టాడు. కిరీటం క్షమించేదాకా తిరిగి అడుగు పెట్టకూడదన్నాడు. జూడ్ కుప్పకూలిపోయింది. మనుషుల లోకానికి వచ్చి, అక్క ఇంట్లో ఉంటూ, దొరికిన పని చేసుకుంటూ కుమిలిపోయింది. చదివే పిల్లలూ ఆమెతోపాటు కుమిలిపోయారు. ఇంతకన్నా ద్రోహం ఉంటుందా అనుకున్నారు.

మూడో పుస్తకంలో విషయం బయటపడుతుంది. కిరీటం క్షమించేదాకా అన్నాడు. రాజు క్షమించేదాకా అనలేదు. రాజును పెళ్లాడిన మనిషి రాణి. రాణి మాట కూడా కిరీటం మాటే. అంటే జూడ్ తనను తాను క్షమించుకుని ఏ రోజైనా తిరిగి రావచ్చు. తాళం ఆమె చేతిలోనే ఉంది. ఆమెకు అర్థమవుతుందని కార్డన్ అనుకున్నాడు. ఆమెకు వినపడింది వెళ్లిపో అన్న ఒక్క మాటే.

ఈ మలుపు దగ్గర కాస్త ఆగుదాం. ఇంతసేపూ చెప్పని మాటలో మోసం ఉంటుందని చెప్పుకున్నాం. ఇక్కడ చెప్పని మాటలో దారి ఉంది. దుఃఖంలో ఉన్న మనిషి మోసాన్ని ఎలా చూడలేడో, దారినీ అలాగే చూడలేడు. కాబట్టి మన ప్రశ్న అనుమానం కోసం పుట్టింది కాదు. పూర్తిగా వినడం కోసం పుట్టింది.

దుఃఖం మనిషి వినికిడిని ఎంత పాడుచేస్తుందో మనకు భారతం ఎప్పుడో చెప్పింది. కురుక్షేత్రంలో ద్రోణుడి చేత అస్త్రసన్యాసం చేయించాలి. అశ్వత్థామ అనే ఏనుగును చంపారు. అశ్వత్థామ చనిపోయాడని ధర్మరాజు గట్టిగా అన్నాడు. ఏనుగు అన్న మాట మెల్లగా అన్నాడు. తన కొడుకు అశ్వత్థామే పోయాడనుకుని ద్రోణుడు కుప్పకూలాడు. అంతటి గురువు, అంతటి వీరుడు ఏ అశ్వత్థామ అని మరోసారి అడగలేకపోయాడు. కన్న ప్రేమ ఆ ప్రశ్న అడగనివ్వలేదు. ద్రోణుడినే అడగనివ్వనప్పుడు, పదిహేడేళ్ల పిల్లలు తడబడటంలో వింత లేదు. ఫీజు కట్టాల్సిన తండ్రి తడబడటంలోనూ వింత లేదు.

అందుకే ఈ అలవాటు కష్టం రాకముందే చేసుకోవాలి. ఈత నేర్చుకోవాల్సింది వరద వచ్చిన రోజు కాదు. ఈ నవలలు పిల్లలకు ఆ సాధన ఇస్తాయి. కథలో బేరం జరుగుతుంటే, తెలివైన పిల్ల చదువుతూ చదువుతూ ఆగుతుంది. ఆగు, ఎప్పుడో చెప్పలేదు. ఆగు, ఎవరు తప్ప అన్నాడో చూడు. కథానాయిక కన్నా ముందే పట్టుకుంటుంది. పట్టుకున్నప్పుడు కలిగే ఆనందం చిన్నది కాదు. రేపు ఆ పిల్ల ఉద్యోగపు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు, అద్దె ఇల్లు మాట్లాడుకునేటప్పుడు, ఎవరో ప్రేమగా ఏదో మాట ఇచ్చినప్పుడు ఆ చెవి పనిచేస్తుంది.

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. పిల్లలు ఇలాంటి నవల చదువుతుంటే లాక్కోకండి. పక్కన కూర్చుని, ఇందులో ఎవరు ఎవరికి ఏం మాట ఇచ్చారమ్మా అని అడగండి. పిల్ల చెబుతుంది. తర్వాత, మరి ఏం చెప్పకుండా వదిలేశారు అని అడగండి. ఆ రెండో ప్రశ్న దగ్గర పిల్ల కళ్లు మెరుస్తాయి. ఎవరూ తనను అడగని విషయం మీరు అడిగారు. అక్కడి నుంచి ఆమె ఆగకుండా చెబుతుంది. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు. పిల్లే తెలుగులో కథ చెబుతుంది. ఇంట్లో కష్టమైన విషయాలు మాట్లాడుకునే అలవాటు అలా మొదలవుతుంది. రేపు నిజంగా ఎవరైనా ఆ పిల్లను మాటలతో కట్టిపడేయాలని చూస్తే, వచ్చి మీతో చెప్పుకోవడానికి జంకదు.

యువ శ్రోతలకు కూడా ఒక మాట. మీరు కష్టంలో ఉన్నప్పుడు ఎవరైనా సాయం చేస్తామంటే, వెంటనే కాదనకండి. వెంటనే సరేననకండి. వాళ్లు చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పండి. మీరు ఇది ఇస్తారు, నేను ఇది ఇవ్వాలి, ఇప్పటిలోగా, ఇదేనా అనండి. మీ మాటల్లో చెప్పేటప్పుడు ఖాళీ ఎక్కడుందో మీకే తెలుస్తుంది. ఆ ఖాళీ గురించి నేరుగా అడగండి. మంచి మనసుతో వచ్చినవాళ్లు సంతోషంగా జవాబు చెబుతారు. అడిగినందుకే కోప్పడితే, నా మీద నమ్మకం లేదా అని నిలదీస్తే, మీకు జవాబు దొరికినట్టే.

అడగందే అమ్మయినా పెట్టదని మన పెద్దలు ఊరికే అనలేదు. నమ్మకం ఉన్నచోట అడగకూడదని కొందరు అనుకుంటారు. నాకు తెలిసి అడగగలగడమే నమ్మకం. టారిన్ జూడ్‌కు చెప్పలేకపోయింది. జూడ్ కార్డన్‌ను అడగలేకపోయింది. వాళ్లు విడిపోయింది అక్కడే. మూడో పుస్తకంలో మళ్లీ కలిసింది, దాచుకున్న మాటలు ఒకరికొకరు చెప్పుకున్న తర్వాతే.

నెస్సా తన చేతుల బలంతో, జూడ్ తన ఉప్పుతో, ఫేరా తన విల్లుతో ప్రాణాలు నిలుపుకోవడానికి ప్రయత్నించారు. ఆ ఆయుధాలు మన పిల్లలకు అక్కర్లేదు. మాటను పూర్తిగా వినే చెవి కావాలి. వినపడనిదాన్ని అడిగే నోరు కావాలి. ఈ రెండూ వాళ్లకు మనం ఇవ్వగలం. ఈ రాత్రి భోజనాల దగ్గరే మొదలుపెట్టండి. మీ పిల్లలు చదువుతున్న కథ ఏమిటో అడగండి. అందులో ఎవరు ఎవరికి మాట ఇచ్చారో అడగండి. చెప్పకుండా వదిలేసింది ఏమిటో అడగండి.